కాలని చేతులు

నార్లేన్‌లో మా బడి లైబ్రరీ నాలుగింటికి మూస్తాను.
మూడూ యాభైకి ఒకసారి లైట్లార్పి వెలిగిస్తాను,
పిల్లలు సర్దుకుంటారని.
టెగన్ సర్దుకోదు.

పదో తరగతి. సముద్రపు గుర్రాల మీద లావుపాటి పుస్తకం,
అయిదోసారి రెన్యూ.
"ఇంకా అవలేదా?" అంటే
"నెమ్మదిగా చదువుతా, మిస్ హైమా."
గుర్తుకి పెట్టుకున్న బస్ కార్డు
నెల్లాళ్ళుగా నలభై ఒకటో పేజీ దాటలేదు.

ఆ మంగళవారం ఒకటే గాలి.
కిటికీలోంచి చూస్తే రిఫైనరీ గొట్టం మీది మంట
పక్కకి ఒరిగి కొట్టుకుంటోంది.
బల్లమీంచి పెన్సిల్ పెట్టె జారిపడింది.
స్కేలు, రబ్బరు, మూతల్లేని రెండు పెన్నులు,
తడి ఆరని టూత్‌బ్రష్.

ఇద్దరం చూశాం.
ఇద్దరం చూడనట్టే ఏరాం.

మనకెందుకు అనే మాట మా ఇంట్లో ఉప్పులాంటిది,
అన్నిట్లోనూ వేసేవాళ్ళం.
ఆ ఉప్పు తిన్నదాన్నే, నిరుడు బ్రెంటన్‌ని అడగలేదు.
మోటార్ సైకిల్ రిపేరు పుస్తకం తీసుకెళ్ళాడు,
బడికి రావడం మానేశాడు.
చలికాలంలో జీలాంగ్ స్టేషన్ దగ్గర, మూసిన షాపు చూరు కింద,
అట్టపెట్టె పరుచుకుని కనబడ్డాడు.
నన్ను చూసి, సిగ్గుపడి,
"పుస్తకం తడిసిపోయింది మిస్" అన్నాడు.
అతని పేరు ఎదుట నాలుగువందల రోజుల బాకీ.
పోయినట్టు రాయడానికి చెయ్యి రావడం లేదు.

అందుకే పసుపు చీటీ మీద
టూత్‌బ్రష్ అని ఒక్క ముక్క రాసి
నర్సు గది వెనక కూర్చునే రోవెనాకి ఇచ్చాను.

ఆవిడ దగ్గర టెగన్ రాసిన ఫారం అప్పటికే ఉంది.
ఇంట్లో నీకు నిద్ర పడుతోందా అన్న ప్రశ్న దగ్గర
రాసి, చెరిపి, రాసి, చెరిపి
కాగితానికి చిల్లు.
"మూడు వారాలు, మూడు స్నేహితురాళ్ళ సోఫాలు" అంది రోవెనా,
"ఇంకా వీధి కాదు.
వీధి ఇక్కణ్ణించి కనబడుతుంది, అంతే."

మొదటి గురువారం టెగన్ వాళ్ళమ్మ తలుపు తీయలేదు.
రెండో గురువారం దోమతెర తలుపు అవతల నిలబడే మాట్లాడింది.
మూడోసారి టీ.
కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, అద్దె రెండు వారాలు వెనక,
కొత్తగా వచ్చినాయనకి ఇద్దరు మగపిల్లలు,
వాళ్ళకిచ్చిన గది టెగన్‌ది.
ఆమె ఏడవలేదట.
మరిగిన కెటిల్‌నే మళ్ళీ మరిగించిందట.

ఆ తర్వాత జరిగినవి కథకి పనికిరావు.
గారేజీలో సగానికి ప్లైవుడ్డు అడ్డం కొట్టారు.
లోపలివైపు గడియ.
అద్దె బాకీ తొమ్మిది ముక్కలయింది.
శని ఆదివారాలు కొలాక్‌లో పిన్ని దగ్గర.
మధ్యలో రెండుసార్లు పెద్ద గొడవ,
రెండుసార్లూ రాత్రి పదకొండింటికి రోవెనా ఫోను మోగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ వచ్చు.
ఆకులకి డబ్బిచ్చేవాళ్ళూ ఉన్నారు,
రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి.
జూన్‌లో ఒకాయన ఫైలుతో వచ్చి అడిగాడు,
"ఈ ఏడాది ఎందర్ని కాపాడారో అంకె చెప్పండి."
రోవెనా కిటికీకేసి చూసింది.
పడనివాడి మోకాలి మీద మచ్చ ఎక్కడ వెతకడం?
జరగనిదానికి ఏ కొట్లో రసీదిస్తారు?
"ఒక గడియ" అంది చివరికి. "పన్నెండు డాలర్లు."
ఆయన రాసుకోలేదు.

నిన్న టెగన్ సముద్రపు గుర్రాల్ని తెచ్చి బల్లమీద పడేసింది.
"బోరు, మిస్. చదవలేకపోయాను."
మూడూ ఇరవైకే వెళ్ళిపోయింది,
బస్సు తప్పిపోతుందని పరిగెత్తుతూ.
పెన్సిల్ పెట్టె సంచీలో గలగలమంది.
అందులో ఏముందో నాకు తెలీదు.

మూడూ యాభైకి అలవాటుకొద్దీ
లైట్లార్పి వెలిగించాను.
బ్రెంటన్ పేరు మాత్రం
ఇంకా తెరమీద అలాగే ఉంది.